దక్కను దాటిన దళాలు – 6: సూయజ్ గట్టు మీద

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దాటగానే ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ ఉంది. ఆ పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్లు రోజూ వందల మంది. నిజాం సర్కారు ఆశ్వికదళానికి చెందిన మొదటి రెజిమెంటు వల్ల వచ్చిన పేరది. ఆ రెజిమెంటు సవార్లు 1914 నవంబరులో ఈజిప్టు రేవులో దిగారు. యుద్ధం ముగిసేనాటికి వాళ్ల దళం ఇంకా అటే ఉంది. పుస్తకాలు తిరగేస్తే ఈ దళం ప్రస్తావన తిన్నగా 1918 సెప్టెంబరు 23కు, హైఫా పట్టణానికి దూకుతుంది. తమాషా ఏమిటంటే, హైఫాలో జరిగిన ఆ పేరుమోసిన దాడిలో హైదరాబాద్ సవార్లు లేరు. మరి నాలుగేళ్లు ఏం చేశారు? పొద్దున లేచి ఏం తిన్నారు, గుర్రానికి ఏం పెట్టారు, ఇంటికి కబురెట్లా పంపారు? ఈ భాగం అచ్చంగా ఆ సంగతులకే.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి హైదరాబాద్ పేరుతోనో దక్కను పేరుతోనో వెళ్లిన గుర్రపు దళాల్లో మన కథకు కావలసినవి రెండు. ఒకటి నిజాం సొంత ఖర్చుతో నడిచిన ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు. ఇది సంస్థానపు దళం. రెండోది 20వ దక్కన్ హార్స్. పాత హైదరాబాద్ కంటింజెంటు నుంచి వచ్చినా, అప్పటికి అది పూర్తిగా బ్రిటిష్ ఇండియా సైన్యంలో భాగం. మొదటిది ఈజిప్టుకు పోయింది, రెండోది ఫ్రాన్సుకు. ఫ్రాన్సుకు పోయిన దక్కన్ హార్స్ ఏ బ్రిగేడులో ఉందో తెలుసా? సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడులో. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి అంచున బల్లేలు పట్టి గుర్రాల మీద దూకినవాళ్లలో ఈ దళం ఒకటి. మెషిన్ గన్లూ ముళ్లకంచెలూ పరుచుకున్న ఆ నేల మీద మన ఊరి పేరు పెట్టుకున్న బ్రిగేడు బల్లేలతో పోవడం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

బాసర వైపు నుంచి ఈ దళాల్లో ఎవరైనా ఉన్నారా అని పాఠకులు అడుగుతున్నారు. అప్పటి బాసర నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలోది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు గానీ ఆదిలాబాద్‌లో కలవలేదు. ఇప్పుడేమో నిర్మల్ జిల్లా. ఈ గోదావరి ఒడ్డు పల్లెల్లోని తెలుగు, మరాఠీ రైతుబిడ్డల కోసం సైన్యంలో ఎవరూ తలుపు తెరిచి పెట్టుకోలేదు. కొన్ని కులాలకూ జాతులకూ మాత్రమే పోరాడే గుణం ఉందనే సిద్ధాంతం ఇంగ్లీషు దొరల బుర్రల్లో పాతుకుపోయిన కాలమది. 19వ శతాబ్దం చివర మద్రాసు సైన్యంలో తెలుగు పటాలాలను కుదించిందీ ఆ బుద్ధితోనే. లాన్సర్లలో ఎక్కువమంది దక్కనీ ముస్లింలు. తెలుగువాళ్లు సముద్రం దాటింది ఎక్కువగా మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌తో. పారా పట్టి కందకం తవ్వడం, వంతెన కట్టడం, రోడ్డు వేయడం వాళ్ల పని. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరానికి మిలిటరీ మాధవరం అని పేరొచ్చింది ఆ కాలపు కొలువుల వల్లే. ఆ ఊరి కథకు వేరే భాగం కావాలి.

మనిషి పోకపోయినా పైసలు పోయాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అప్పుడు 28 ఏళ్లు. యుద్ధం మొదలవగానే లాన్సర్ల కోసం, దక్కన్ హార్స్ కోసం 60 లక్షల రూపాయలు ప్రకటించాడు. సర్కారు ఖజానాలో పెద్ద పద్దు భూమిశిస్తు. ముధోల్, భైంసా నల్లరేగడిలో పత్తీ జొన్నా పండించి పటేల్ పట్వారీల చేతికి శిస్తు కట్టిన రైతు, సూయజ్ అనే మాట చెవిన పడకుండానే సూయజ్‌లో గుర్రాలకు దాణా పెట్టినట్టు లెక్క. 1918లో నిజాంకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు దక్కింది. రైతుకు దక్కింది ఏమిటో కిందికి వచ్చాక చూద్దాం.

లాన్సర్లు దిగిన వేళ మంచిది కాదు. నవంబరు మొదట్లోనే ఉస్మానీ సామ్రాజ్యం జర్మనీ పక్షాన యుద్ధంలోకి వచ్చింది. 14వ తేదీన ఇస్తాంబుల్‌లో జిహాద్ ప్రకటన వెలువడింది. దక్కనీ ముస్లిం సవారుకు ఎదుట ఖలీఫా అయిన ఉస్మానీ సుల్తాను సైన్యం, వెనుక తన ప్రభువు నిజాం. ముస్లింలు బ్రిటిష్ పక్షానే నిలవాలని ఆ నెలలోనే నిజాం ఫర్మానా ఇచ్చాడు. ఆ ఫర్మానాతో బ్యారక్‌లో రాత్రి మాటలు ఆగిపోయి ఉంటాయని నేననుకోను.

వాళ్లకు అప్పగించిన పని సూయజ్ కాలువ కాపలా. పోర్ట్ సయ్యద్ నుంచి సూయజ్ దాకా దాదాపు 160 కిలోమీటర్లు. హైదరాబాద్, మైసూర్, పటియాలా వంటి సంస్థానాల ఆశ్వికులను ఒక్క బ్రిగేడుగా కట్టి అక్కడ నిలిపారు. 1915 ఫిబ్రవరి మొదటి వారంలో టర్కీ దళాలు ఇనుప పడవలు మోసుకుని సినాయ్ ఎడారి దాటొచ్చాయి. 3వ తేదీ తెల్లవారుజామున తుసుం, సెరాపియం దగ్గర కాలువ దాటబోయి దెబ్బతిని వెనక్కిపోయాయి. ఆ తర్వాత భయం సైన్యం గురించి కాదు, నలుగురైదుగురు గుట్టుగా వచ్చి కాలువలో మందుపాతర వేసి పోవడం గురించి. ఒక్క ఓడ మునిగితే దారంతా బందు.

దీనికి కనిపెట్టిన ఉపాయం మన రైతులకు బాగా అర్థమవుతుంది. సాయంత్రం పూట తూర్పు గట్టు వెంబడి బరువైన చెక్కలు లాగించి, విత్తనాల ముందు చేనుకు గుంటక తోలినట్టు ఇసుకను చదును చేసేవాళ్లు. తెల్లారగట్ల గస్తీ బయల్దేరి ఆ చదును మీద జాడ వెతకాలి. ఎక్కడైనా అడుగు పడి ఉంటే, అది అటునుంచి ఇటు వచ్చిందా, ఇటునుంచి అటు పోయిందా, ఎన్ని అడుగులు, ఒంటె కాలా, మనిషి కాలా అని చూడాలి. వచ్చిన జాడ ఉండి, తిరిగిపోయిన జాడ లేదంటే ఆ పూట గట్టంతా గాలించాల్సిందే. బల్లెం పట్టి శత్రువు మీదికి దూకడానికి తర్ఫీదు పొందిన మనిషి, నెలల తరబడి నేల చూస్తూ నడిచాడు.

కాపలా లేని వేళంతా గుర్రానిదే. గుర్రపు దళంలో రోజు మనిషి ఆకలితో కాదు, గుర్రం ఆకలితో మొదలవుతుంది. ముందు నీళ్లు, తర్వాత మాలిష్, ఆ పైన మూతికి తోబ్రా కట్టి దాణా. మెడకు అగాడీ, వెనక కాళ్లకు పిఛాడీ తాళ్లు వేసి వరసలో కట్టేయాలి. ఇసుకలో మేకు నిలవదు. గుర్రం ఒక్కసారి బెదిరి లాగిందంటే వరసకు వరస ఊడొచ్చేది. ఇంటి దగ్గర ఉలవలూ శనగలూ అలవాటైన గుర్రాలకు ఇక్కడ బార్లీ గింజలు, తిబ్న్ అని పిలిచే తరిగిన గడ్డి. కిందపడ్డ గింజ ఏరుకుంటూ గుర్రం ఇసుక మింగుతుంది. ఆ ఇసుక కడుపులో పేరుకుని శూల పుట్టిస్తుంది. సినాయ్‌లో గుర్రాలను తీసింది తూటాలే కాదు, ఈ కడుపునొప్పి కూడా. అందుకని దాణా నేల తాకకుండా చూడటమే సవారు నేర్పరితనంగా మారింది. గోనెపట్టా పరిచి తినిపించడం, తోబ్రా అడుగు చిరగకుండా కుట్టుకోవడం, తినేదాకా పక్కనే నిలబడటం.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. వేడిలో పనిచేసే గుర్రం రోజుకు 20, 30 లీటర్లు సునాయాసంగా తాగేస్తుంది. రెజిమెంటులో గుర్రాలు వందల్లో ఉంటాయి. 1916లో బ్రిటిష్ సైన్యం కాలువ దాటి సినాయ్‌లోకి అడుగుపెట్టాక, కంతారా నుంచి రైలు కట్ట వేసుకుంటూ, దాని పక్కనే నీళ్ల గొట్టం పరుచుకుంటూ పోయింది. నైలు నీళ్లను వడకట్టి గొట్టంలో ఎడారిలోకి తోలారు. 1917 మొదలయ్యేసరికి రైలు ఎల్ అరీష్ చేరింది. ఈజిప్టు కూలీలు వేలకు వేలు ఆ పనిలో అరిగిపోయారు. వాళ్ల పేర్లు ఏ స్తంభం మీదా చెక్కలేదు. గొట్టం చేరని చోట ఒంటెల మీద డబ్బాల్లో నీళ్లు వచ్చేవి, లేదంటే ఊరి బావులు. గుడ్డ తొట్లు పరిచి, చేతి పంపుతో తోడి, ఒక్కో వరసా తాగించి వెనక్కి తోలేసరికి గంటలు గడిచేవి. ఈ యుద్ధంలో సేనాపతులు తమ ఎత్తుగడలన్నీ నీళ్ల లెక్క మీదే వేశారు. 1917 అక్టోబరు 31న బీర్షెబా పట్టణం మీద పడ్డది కూడా అక్కడి బావుల కోసమే.

మనిషి తిండి గురించి సైన్యం రాసి పెట్టిన పద్దు చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం, ఉప్పు, పసుపు, మిరపకాయ, అల్లం. మాంసం తినేవాళ్లకు ఎవరి ఆచారం ప్రకారం వాళ్లకు కోసింది. వేల మైళ్ల అవతల పసుపూ మిరపకాయా అందించడానికి ఇంత శ్రద్ధ ఎందుకంటే, 1857 భయం ఇంకా దొరల మనసులో ఉంది. మత విషయంలో చిన్న పొరపాటు జరిగినా పటాలం తిరగబడుతుందన్న బెరుకు. ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనాన్ని భారత సైనికులకు ఆసుపత్రిగా మార్చినప్పుడు తొమ్మిది వంటశాలలు పెట్టి, హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు నీళ్ల కొళాయిలు బిగించారు. కాగితం మీద పద్దు అలా ఉన్నా, ఎడారిలో రొట్టె కాల్చేవాడికి తెలుసు అసలు సంగతి. గాలి వీచిందంటే పిండిలో ఇసుక. పళ్ల కింద కరకర. ఈగల్ని ఒక చేత్తో తోలుతూ ఇంకో చేత్తో తినాలి.

జీతం? బ్రిటిష్ ఇండియా సైన్యంలో కాల్బలం సిపాయికి యుద్ధం మొదట్లో నెలకు 11 రూపాయలు. గుర్రం తనే పెట్టుకునే సిలదారీ సవారుకు అంతకన్నా ఎక్కువే అయినా, అందులోంచే గుర్రం ఖర్చు పోయేది. హైదరాబాద్ మనిషికి లెక్క ఇంకొంచెం చిక్కు. ఇంటి దగ్గర చెల్లేది నిజాం హాలీ సిక్కా, సరిహద్దు అవతల చెల్లేది బ్రిటిష్ కల్దారు, ఈజిప్టు బజారులో పియాస్టర్. వంద కల్దారు రూపాయలకు హాలీ సిక్కాలో నూట పదహారు చిల్లర వచ్చేది. దినార్‌కు ఎంత, రియాల్‌కు ఎంత అని రోజూ రేటు చూసుకునే నేటి నిర్మల్, జగిత్యాల గల్ఫ్ కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ఉత్తరాలు. బాసర అంటే అక్షరాభ్యాసం. వసంత పంచమి నాడు పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకుని జ్ఞాన సరస్వతి ఎదుట పలక మీద ఓనమాలు దిద్దించే ఊరు. అయితే ఆ గుడి ఉన్న సంస్థానంలో 1911 జనాభా లెక్కల నాటికి చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. సైన్యంలో పరిస్థితి దీనికి పెద్ద తేడా ఏమీ కాదు. రాయడం వచ్చిన ఒక్క దఫేదారు చుట్టూ సాయంత్రం పదిమంది చేరేవాళ్లు. ఒకడి మనసులో మాట ఇంకొకడి చేతిరాతలో, నలుగురు వింటుండగా, పై అధికారి చదువుతాడని తెలిసీ, ఉర్దూలో కాగితం ఎక్కేది. ఇంటి దగ్గరా అంతే. చదివి పెట్టేవాడి దగ్గరికి పోవాలి. భార్యకు రాసిన మాట ముందు ఆమె చెవిన పడేది ఊరి మున్షీ గొంతులోనే. ఇంతమంది నడుమ ఏ మగవాడు ఏం రాయగలడు? అందుకే ఆ ఉత్తరాల్లో సలాములు, పశువుల క్షేమం, పొలం తగాదా, డబ్బు ముట్టిందా లేదా అన్నవే ఎక్కువ. అవి చదివి సిపాయిలకు ప్రేమాభిమానాలు తక్కువని తేల్చిన పెద్దమనుషులున్నారు. చుట్టూ కూచున్న పదిమందిని వాళ్లు లెక్కలో వేసుకోలేదు.

ఉత్తరాలు కాక, సైన్యం అచ్చు వేసిన ఫీల్డ్ పోస్టుకార్డు కూడా ఉండేది. క్షేమంగా ఉన్నాను, ఆసుపత్రిలో ఉన్నాను, ఉత్తరం అందింది అని వాక్యాలు ముందే ఉంటాయి. పనికిరానివి కొట్టేసి సంతకం పెట్టాలి. అదనంగా ఒక్క మాట రాసినా కార్డు చించేస్తారు.

ఫ్రాన్సులో ఉన్న భారత సైనికుల ఉత్తరాలకు ప్రత్యేకంగా సెన్సారు ఆఫీసే పెట్టారు. అక్కడ తర్జుమా చేసి దాచిన ముక్కలు వందల్లో మిగిలాయి. అందులో పంజాబీల గొంతే ఎక్కువ, దక్కను గొంతు తక్కువ. అయినా వాటిలోంచి పరాయి నేల బతుకు బాగా తెలుస్తుంది. పికార్డీ పల్లెల్లో ముసలమ్మలు తమను కొడుకుల్లా చూశారని రాసుకున్నారు. కొడుకులు యుద్ధానికి పోయిన ఇళ్లవి, దాంతో ఇద్దరికీ ఆ లోటు తీరినట్టుంది. సెన్సారును దాటించడానికి పన్నిన ఎత్తులూ ఉన్నాయి. మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎండుమిరపకాయలు వాడుతున్నారు అన్న తీరులో రాస్తే, నల్లవాళ్లు చచ్చిపోయారు, తెల్లవాళ్లను దింపుతున్నారు, మీరెవరూ చేరకండి అని అర్థం. సెన్సారు గుమాస్తాలు ఈ గుట్టు త్వరగానే పట్టేశారు.

1918 వసంతంలో ఫ్రాన్సు నుంచి భారత ఆశ్వికదళాలను ఈజిప్టుకు మళ్లించారు. అలా దక్కన్ హార్స్, హైదరాబాద్ లాన్సర్లు చివరికి ఒకే డివిజనులో కలిశారు. 5వ కావల్రీ డివిజనులో అది 14వ బ్రిగేడు, ఇది 15వది. మూడేళ్లు మంచులోనూ బురదలోనూ ఉండి వచ్చినవాళ్లు ఒకవైపు, ఇసుక తిన్నవాళ్లు ఇంకోవైపు. దక్కనీలో తిట్టుకోవడానికి, ఊరి సంగతులు చెప్పుకోవడానికి ఇద్దరికీ మనుషులు దొరికారు.

ఆ వేసవి జోర్డాన్ లోయలో. సముద్రమట్టానికి దిగువన ఉన్న ఆ గుంటలో 45 డిగ్రీలు దాటే ఎండ, మోకాలు లోతు సుద్దదుమ్ము, తేళ్లు, దోమలు. ఎండాకాలంలో అక్కడ స్థానికులే ఉండరు. శత్రువును భ్రమపెట్టడానికి గుర్రపు దళం అక్కడే ఉన్నట్టు కనిపించాలి గనుక ఉంచారు. సెప్టెంబరు 19న బ్రిటిష్ సేనాపతి అలెన్బీ అసలు దెబ్బ సముద్రపు ఒడ్డు వైపు నుంచి కొట్టాడు. నాలుగు రోజుల తర్వాత హైఫా. కార్మెల్ కొండకూ నదికీ మధ్య ఇరుకులో జోధ్‌పూర్ లాన్సర్లు, కొండ పైకి మైసూర్ లాన్సర్లు గుర్రాలతో దూకి, ఫిరంగులనూ 1,350 మంది ఖైదీలనూ పట్టుకున్నారు. జోధ్‌పూర్ మేజర్ దళ్‌పత్ సింగ్ అక్కడే ప్రాణం విడిచాడు.

హైదరాబాద్ దళం ఖైదీల కాపలాలో ఉండిపోయిందంటారు. ముస్లింలు గనుక ఖలీఫా సైన్యంతో నేరుగా తలపడనీయలేదని పత్రికల్లో తరచూ కనిపించే వివరణ. నేను దాన్ని పూర్తిగా నమ్మలేను. అదే డివిజనులోని ఇతర రెజిమెంట్లలో ముస్లిం సవార్లు టర్కీ దళాలతో ఎదురుబడి పోరాడుతూనే ఉన్నారు. పైగా ఈ లాన్సర్లు నాలుగేళ్లుగా ఉన్నది ఆ సైన్యానికి ఎదురుగానే. ఆ వారాల్లో చిక్కిన ఖైదీలు మొత్తం 75,000 దాకా. ఆకలితో, దాహంతో, జ్వరాలతో ఉన్న అంతమందిని నడిపించి, నీళ్లు పట్టించి, వెనక్కి చేర్చే పని ఎవరో ఒకరు చేయాల్సిందే. ఇసుకలో జాడలు వెతికి, గుర్రాలకు వరసగా నీళ్లు పట్టిన దళానికి ఆ పని కొత్త కాదు. దాడిలో లేకపోవడాన్ని చిన్నతనంగా చూసేది మనమే.

పోరు ముగిశాక చావులు పెరిగాయి. జోర్డాన్ లోయలో కుట్టిన దోమ డమాస్కస్ దారిలో ఫలితం చూపింది. మలేరియా, దాని వెంటే ఇన్‌ఫ్లుయెంజా. ఆ అక్టోబరులో గుర్రపు దళాల్లో తూటాకు పోయినవాళ్లకన్నా జ్వరానికి పోయినవాళ్లు చాలా ఎక్కువ. అదే ఇన్‌ఫ్లుయెంజా అంతకుముందే ఓడలెక్కి బొంబాయి చేరింది. అక్కడినుంచి రైళ్ల వెంట దేశమంతా పాకింది. సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్ గేజ్ మీదున్న బాసర, నాందేడ్ వైపు పల్లెలకూ రైలు దారి ఉండనే ఉంది. ఆ ఏడాదే వానలు ముఖం చాటేశాయి. బట్ట, కిరసనాయిలు, తిండిగింజల ధరలు యుద్ధంతోనే ఎక్కి కూచున్నాయి. శిస్తు కట్టిన రైతుకు యుద్ధం నుంచి ముట్టిన వాటా ఇదీ.

1922లో ఢిల్లీలో హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లకు గుర్తుగా మూడు కంచు విగ్రహాలు నిలిపారు. తీన్ మూర్తి అని పిలుస్తాం. 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. ఈజిప్టులో పోర్ట్ తౌఫీక్ దగ్గర, కాలువ సముద్రంలో కలిసే చోట, సమాధి కూడా దక్కని దాదాపు నాలుగు వేల మంది భారత సైనికుల పేర్లతో 1926లో ఒక స్మారకం కట్టారు. దానికి రాతి పులులు కాపలా. ఈజిప్టు, ఇజ్రాయెల్ యుద్ధాల్లో అది దెబ్బతిని శిథిలమైంది. 1980లో కైరో దగ్గరి హెలియోపొలిస్ శ్మశానంలో కొత్త ఫలకాలు పెట్టారు.

హైదరాబాద్ పేరు మోసిన దళాల కథ ఇంతటితో అయిపోలేదు. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటులో కుమావూఁ కొండలవాళ్లు, జాట్లు, అహీర్లు నిండిపోయి, హైదరాబాద్ పేరు మాత్రమే మిగిలింది. 1945లో ఆ పేరూ తీసేసి కుమావూఁ రెజిమెంటు అన్నారు. నిజాం సొంత కాల్బలం మాత్రం 1941 డిసెంబరు నాటికి మలయాలో కోటా బారు విమానాశ్రయం దగ్గర కాపలా కాస్తోంది. 8వ తేదీ అర్ధరాత్రి దాటగానే ఆ తీరంలో జపాను సైన్యం దిగింది. ఆ రాత్రి, ఆ తర్వాతి ఖైదు వచ్చే భాగంలో.

(ఇంకా ఉంది)